నూతి అవతలి బడి

కవిటి కొబ్బరితోటల్లో పంతులమ్మల ట్రైనింగు బడి ఉండేది. మధ్యాహ్నం అంట్లు తోమడానికి నూతిలో చేద వేసేముందు వంటమనిషి దాలమ్మ కాస్త చెవి ఒగ్గేది. నూతిలో నీళ్లకి అవతల, దూరాన స్కాట్లాండులో, అక్కడి యూనివర్సిటీ వాళ్ల బడి. అక్కడ పాఠం సాగుతుంటే చేద చప్పుడు చేయకూడదని ఊరందరికీ తెలుసు. ఏ మాటైనా నీళ్లు దాటేసరికి వినేవాళ్ల భాషలోకి మారిపోయేది.

ఆ రోజు ట్రైనింగుకొచ్చిన రత్నాలమ్మ నూతి గట్టు మీద దిగులుగా కూర్చుంది. ఆమెది సన్నని గొంతు. పొద్దున పరీక్ష పాఠం చెబితే వెనక వరస పిల్లలకు వినపడనే లేదు.

"నీకీ పని పడదమ్మా. మీ అన్నకి కబురంపాను, రేపొచ్చి తీసుకెళతాడు," అప్పుడే అనేసింది పెద్ద పంతులమ్మ సీతారత్నం.

భర్త పోయాక అన్నావదినల పంచన పడి ఉండలేకే రత్నాలమ్మ ఈ బడిలో చేరింది.

"ఏటలాగున్నావు?" అంది దాలమ్మ.

ఆమె బదులు చెప్పేలోగా నూతిలోంచి ఓ పిల్లాడి ఏడుపు వినిపించింది. "ముప్పై రెండులోంచి ఏడు తియ్యమంటున్నారు. రెండులోంచి ఏడెలా పోతుంది?"

అక్కడి టీచరు ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కడం లేదు. రత్నాలమ్మకు ఉండబట్టలేదు. వంటకని గట్టు పక్కన ఉంచిన పదేసి కొబ్బరికాయల కట్టలు మూడు, విడికాయలు రెండు నూతిలో వదిలింది. అవీ మాటల్లాగే నీళ్లు దాటిపోయాయి.

"బాబూ, విడికాయలు సాలవు కదా. ఓ కట్ట ఇప్పీ. ఇప్పుడు తియ్యి."

అవతల కాయలు నేలమీద దొర్లాయి.

"ఇరవై అయిదు!" అన్నాడు పిల్లాడు.

"ఇంక రేపు పచ్చడికి కొబ్బరి లేదు," అని నవ్వింది దాలమ్మ.

మర్నాడు అన్న అప్పలరాజు బండి తోలుకొచ్చాడు. రత్నాలమ్మ పెట్టె బండెక్కించింది. అంతలో నూతిలోంచి ఎవరో పెద్దావిడ పిలిచింది. సీతారత్నం వెళ్లి వంగింది.

"నేను యూనివర్సిటీ ఆచార్యురాలిని. నిన్న కాయలతో పాఠం చెప్పినామెని పంపెయ్యకండి. పిల్లలు ఎలా నేర్చుకుంటారో ఇకమీదట మీరూ మేమూ కలిసి పరిశోధిద్దాం. మా పిల్లలకి పాఠాలు ఆమె చెప్పాలి."

"ఆమె గొంతు వెనక వరసదాకా పోదండీ."

"మాదాకా వచ్చిందండీ."

సీతారత్నం తనే వెళ్లి పెట్టె దింపింది.

"అయితే నాను ఒట్టి బండి తోలుకుపోవాలేటి?" అన్నాడు అప్పలరాజు.

"ఎల్లిరా అన్నా. బాగున్నానని వదినకి సెప్పు."

ఆ మధ్యాహ్నం రత్నాలమ్మ కొంగు సర్దుకుని గట్టు మీదికి వంగి, మెల్లగా గొంతు సవరించుకుంది. అవతల బల్లలు కదిలాయి. పంతులమ్మ వచ్చిందని పిల్లలందరూ లేచి నిలబడ్డారు.