నాలుగింటి నీడ

అగరుబత్తి వాసన తగిలితే చాలు, సుబ్రహ్మణ్యం ముక్కు మూసుకుంటున్నాడు. తెనాలిలో అమ్మ పూజగదిలో ఆ వాసన మధ్యే పెరిగినవాడికి ఇదేం ఖర్మ! మరి చేసిన పని అలాంటిది. నాలుగు రోజులు ఆఫీసు గది తలుపులు బిగించుకుని, కట్టలకొద్దీ అగరుబత్తులు వెలిగించి, ఆ నిప్పుతో అట్టకార్డుల మీద దొంగ ఎండ కాల్చాడు. ఛీ, బీయెస్సీ చదివింది ఇందుకా?

సంగతి ఏమిటంటే, మాదాపూర్ దాటాక గుట్టల మధ్య రాళ్లు కొట్టుకునేవాళ్ల గూడెం ఒకటుంది. కరెంటు లేదు. బోరు వేశారు గానీ నీళ్లు పైకి తెచ్చే దారి లేదు. ఆడవాళ్లు బిందెలెత్తుకుని మైలున్నర నడవాల్సిందే. డెబ్బై ఎనిమిదిలో సర్కారువారు ఎండతో నడిచే పంపు ఒకటి తెప్పించారు. నల్లటి పలకల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది, పంపు తిరుగుతుంది. జిల్లా మొత్తానికీ అదొక్కటే. గూడేనికి ఇద్దామనుకున్నారు, కానీ అక్కడ రోజుకు ఎన్ని గంటలు ఎండ కాస్తుందో ముందు ఏడాదిపాటు కొలవాలన్నారు.

కొలిచే యంత్రం ఏమంత పెద్దది కాదు. బత్తాయిపండంత గాజుగుండు, దాని వెనక గంటల గీతలున్న కార్డు. ఎండ కాసినంతసేపూ వెలుగు గుండులోంచి ఒకచోట కూడి, కార్డు మీద నల్లగా గీత కాలుతుంది. ఎండ పోతే గీత తెగుతుంది. రోజూ పొద్దుగూకాక పాత కార్డు తీసి కొత్తది పెట్టే పని కిష్టమ్మకు అప్పజెప్పారు. రాళ్లు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసిన మనిషి. జ్వరం వచ్చినా, అత్త చచ్చిపోయిన రోజైనా ఆ పని మానలేదు. "పంపొస్తదట గద సారూ" అనేది, నెలనెలా కార్డులు తీసుకోవడానికి వచ్చే సుబ్రహ్మణ్యంతో.

ఏడాది తిరిగింది. వానాకాలం తీసేస్తే కార్డులన్నీ నల్లటి గీతలే. సుబ్రహ్మణ్యం సంబరపడిపోయి, ఆ లెక్క తీసుకెళ్లి ఇంజినీరు భీమేశ్వరరావు ముందు పెట్టాడు. ఆయన బల్ల మీద ద్రాక్షపళ్ల బుట్ట ఉంది. కోకాపేట వైపు తోట ఉన్న పెద్దమనిషి ఎవరో పంపాడు.

"ఆ గూడేనికి పంపెందుకోయ్? తోటలో పెడితే నలుగురూ చూస్తారు. అక్కడ ఎండ చాలదని రాసెయ్యి" అన్నాడాయన, తొక్క తుపుక్కున బుట్టలోకే ఉమ్మి.

"సార్, అక్కడ బండలు పగిలే ఎండండీ!"

"కార్డులు మార్చెయ్యి. పాతవి పొయ్యిలో పెట్టు. నీ ఉద్యోగం ఖాయం కావాలా వద్దా?"

సుబ్రహ్మణ్యం తలూపాడు. ఉమ్మిన తొక్కలు మంచి పళ్లకు అంటుకుని జిగటగా మెరుస్తున్నాయి. ఆ నోట్లోంచి వచ్చిన మాట విని తలూపిన తన మీద తనకే రోత పుట్టింది. అగరుబత్తితో తెగిన గీతల కార్డులు కాల్చి ఇచ్చాడు. పాత కార్డులు పొయ్యిలో పెట్టానని అబద్ధమైతే చెప్పాడు గానీ, పెట్టడానికి చేతులు రాక ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచాడు. అదేదో ఘనకార్యమైనట్టు!

ఇక మిగిలింది కిష్టమ్మ వేలిముద్ర. 'ఇవి నేను తీసిన కార్డులే' అని ఆమె ముద్ర వేస్తేగాని ఫైలు కదలదు. అందుకే ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం ఇద్దరూ జీపులో గూడేనికి వచ్చారు. భీమేశ్వరరావు ఒళ్లో ద్రాక్షపళ్ల పొట్లం. దారి పొడుగునా తింటూ, ఉమ్ముతూనే ఉన్నాడు.

కిష్టమ్మ అప్పుడే నీళ్లబిందె దించింది. చెమట ధారలు కడుతోంది. "పంపు తెచ్చిన్రా సారూ?" అంది.

"ముందు ముద్ర వెయ్యవమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు భీమేశ్వరరావు తీయగా.

థూ, ఏం తీపి!

ఆమె ముద్ర వెయ్యలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఫైల్లోంచి కార్డు ఒకటి తీసింది, ఇంకోటి తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంది సారూ గిది, ఊదుబత్తి వాసనొస్తుంది?"

సుబ్రహ్మణ్యం చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"గివి నావి గావు" అంది కిష్టమ్మ. గాజుగుండుకు పడమట నిలబడ్డ పెద్ద బండ వైపు చెయ్యి చూపింది. "దినాం నాలుగు గొట్టంగనే ఆ బండ నీడ దీని మీద పడ్తది. అర్ధగంట కాలది. నా కాయితాలల్ల అన్నిట్ల గాడ తెగుతది. వీట్లల్ల గాడ తెగనే లేదు. ఇగ గిది జూడు, ఎండకాలంల పట్టపగలు మబ్బట!"

సుబ్రహ్మణ్యం సిగ్గుతో చచ్చిపోయాడు. జీపు దిగిన చోటే చాలులెమ్మని యంత్రాన్ని బండ పక్కనే పెట్టించింది భీమేశ్వరరావే. అసలు కార్డుల్లో రోజూ నాలుగింటికి గీత తెగితే మబ్బేమో అనుకుని వదిలేశాడు తను. చదువురాని మనిషి కళ్లకు కనపడింది తన డిగ్రీకి కనపడలేదు.

"పెద్ద చెప్పొచ్చావు! ఇక్కడ ఎండ లేదు, పంపు నడవదు. ముద్ర వేస్తావా లేదా?" భీమేశ్వరరావు గొంతులో తీపి పోయింది.

"ఎండ లేదా?" కిష్టమ్మ గాజుగుండు వెనకున్న కార్డు లాగేసింది. "అయితే నీ ఏలు గీడ పెట్టు సారూ. పది లెక్కపెడ్త. కాలకుంటే ముద్రేస్త."

చుట్టూ మూగిన ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. భీమేశ్వరరావు చెయ్యి జేబులోకి పోయింది. "పిచ్చి వేషాలు! ఏమోయ్, చెప్పు దీనికి!"

కిష్టమ్మ ఇటు తిరిగింది. "నువ్వు పెట్టు సారూ. నెలనెలా వచ్చి కాయితాలు కొంచవోయింది నువ్వేనాయె."

సుబ్రహ్మణ్యం పెట్టాడు, అగరుబత్తి పట్టుకున్న వేలే. చుక్కంత తెల్లటి వెలుగు దాని మీద పడింది. ఒకటి, రెండు, మూడు... నాలుగుకే చర్మం కమిలిన వాసన వచ్చింది. కెవ్వున అరిచి వేలు లాక్కున్నాడు.

"ఎండ ఉంది," అన్నాడు. "ఆ కార్డులు నేను కాల్చాను. అసలువి మా ఇంట్లో ఉన్నాయి సార్. రేపు పై ఆఫీసులో ఇస్తాను."

"నీ ఉద్యోగం గోవిందా!" భీమేశ్వరరావు దొంగ కార్డుల ఫైలు చంకన పెట్టుకుని జీపెక్కాడు. సుబ్రహ్మణ్యాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ద్రాక్షపళ్ల పొట్లం దుమ్ములో పడి చితికిపోయింది.

కిష్టమ్మ బిందెలో చెంబు ముంచి, అతని వేలి మీద ధారగా నీళ్లు పోసింది. మైలున్నర మోసుకొచ్చిన నీళ్లు. చెంబు ఖాళీ కాగానే మళ్లీ ముంచింది.

"వద్దమ్మా, నీళ్లు వృథా చెయ్యొద్దు" అన్నాడతను. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

ఆమె మణికట్టు వదల్లేదు. "మస్తు కాలింది, ఉండనీ" అంది. "రేపు కాయితాలు ఇయ్యకుంటివనుకో, గీ నీళ్లు మళ్ల నువ్వే మోసుకొచ్చి నా బిందెల పొయ్యాలె."

అతను తలూపాడు. కింద తడిసిన మట్టి అప్పుడే ఆరిపోతోంది.