లోహం లేని రంగు

ఆమె బట్టలు ఆ ఇంట్లో వేరే బకెట్టులో ఉతుక్కోవాలి. వాషింగ్ మెషీను లేక కాదు. అది మిగతా అందరి బట్టలకీ. ల్యాబుకి వేసుకెళ్ళినవి మాత్రం బాత్రూములో కూర్చుని చేత్తో ఉతకాలని అత్తగారి శాసనం. "ఆ రంగునీళ్ళు ఇంట్లోవాళ్ళ ఒంటికి తగలడం నాకిష్టం లేదమ్మాయ్. ఒకసారి అయింది చాలదూ" అంటుంది ఆవిడ. ఎంత నెమ్మదిగా అంటుందో! తిట్టినా బాగుండేది, తిట్టుకైతే ఎదురు చెప్పొచ్చు.

ఒకసారి అయింది అంటే, కడుపు పోవడం. మూడో నెలలో పోయింది. ఎండతో కరెంటు పుట్టించే గాజుపలకల మీద ఆమె పని. పలకకు తెల్లటి పూత పూసి, దాన్ని రంగులో నానబెడతారు. ఎండను పట్టేది ఆ రంగే. అప్పట్లో ఆమె వాడే రంగులో రుథీనియం అనే ఖరీదైన లోహం ఉండేది. "కడుపుతో ఉండి ఆ లోహాలన్నీ పిసుకుతూ కూర్చుంటే బిడ్డెట్లా నిలుస్తుంది" అని అత్తగారు ఆసుపత్రి వరండాలోనే అనేసింది. మొగుడు పక్కనే ఉన్నాడు, కిమ్మనలేదు. ఆయన ఊరుకోవడాన్ని ఆమె అవునని అర్థం చేసుకుంది. మరింకెట్లా అర్థం చేసుకోవాలి?

చదువుకున్నది కదా, అంత తేలిగ్గా నమ్మేసిందా అంటారేమో. గ్లవ్సు, మాస్కు అన్నీ వేసుకునే పనిచేసింది. అయితే ఒకరోజు గ్లవ్ చిరిగి రెండు చుక్కలు వేలి మీద పడ్డాయి. వెంటనే కడుక్కుంది కూడా. కానీ తనను తాను తప్పుపట్టుకోవాలనుకున్న మనిషికి ఆ రెండు చుక్కలు చాలవూ?

తిరిగి పనిలో చేరాక, లోహం లేని రంగులు తయారుచేస్తానంది. "చక్కగా నడుస్తున్న పని వదిలేసి ఈ పిచ్చేమిటమ్మా" అన్నాడు అప్పటి ల్యాబు పెద్దాయన. ఖర్చు తక్కువ సార్ అంది. ఎవరడిగినా అదే జవాబు. ఆమె వదిలేసిన పని అందిపుచ్చుకున్న జూనియర్ ఇప్పుడు ఆమెకు పైఅధికారి. బయటివాళ్ళొస్తే "మేడమ్, కాస్త టీ సంగతి చూస్తారా" అంటాడు. వెనకాల అందరూ రంగులమ్మ అంటారని ఆమెకు తెలుసు.

లోహం లేకుండా రంగు కట్టడం అంటే మాటలు కాదు. అణువుకు ఒక చివర ఎలక్ట్రాన్ ఇచ్చే భాగం, రెండో చివర తెల్లపూతను పట్టుకునే కొక్కెం, నడుమ వంతెన. వంతెన పొడిగిస్తే ఎండ ఎక్కువ పట్టేది, కానీ అణువులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యేవి. పక్కన కొమ్మలు తగిలిస్తే విడివిడిగా నిలిచేవి, తీరా పలక ఎండలో పెడితే కొన్నాళ్ళకే వెలిసిపోయేవి. మళ్ళీ మొదటికి. ఎవరికీ హాని చెయ్యని రంగు ఒక్కటి చెయ్యగలిగితే ఆ బిడ్డ ఎక్కడున్నా తనను మన్నిస్తుందని ఆమె లెక్క. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. సైన్సు చదివినావిడ పైకి చెప్పుకునే మాటా అది?

ఆదివారం పొద్దున బట్టలు జాడిస్తుంటే హాల్లో ఫోను మోగింది. ఆడపడుచు. ముందురోజే ఆ పిల్లకూ కడుపు పోయింది. అన్నయ్యతో మాట్లాడుతూ ఏడుస్తోంది కాబోలు, ఆమె కుళాయి కట్టేసింది. జాలేసింది పాపం.

"ఏడవకురా తల్లీ" అంటున్నాడు మొగుడు. "నువ్వు మెట్లెక్కినందుకు కాదు, బరువులెత్తినందుకూ కాదు. మాకు పోయినప్పుడు డాక్టరు స్కానింగు చూసి మరీ చెప్పింది నాతో. పిండం ఏర్పడ్డంలోనే తేడా ఉందట. తల్లి ఏం చేసినా, చెయ్యకపోయినా నిలిచేది కాదట. నీ తప్పేం లేదు, నా మాట విను."

అంత మెత్తటి గొంతు ఆయనకుందని ఆమెకు తెలియదు. తడిచేతులతోనే బయటికొచ్చి, ఆయన ఫోను పెట్టేసేదాకా నిలబడింది.

"డాక్టరు మీకా మాట ఎప్పుడు చెప్పింది?"

"అప్పుడే. నువ్వు మత్తులో ఉన్నావు."

"తర్వాత లేచానుగా."

ఆయన తల గోక్కున్నాడు. "అమ్మ అప్పటికే ఏదో అనేసింది. కాదంటే చిన్నబుచ్చుకునేది. నువ్వూ అడగలేదు, నేనూ కదపలేదు. అయినా ఇప్పుడేమైంది, మంచికేగా. ఆ లోహం లేని రంగుల పని నీకు దొరికింది దానివల్లే కదా."

మంచికే. ఆమెకు ఒళ్ళు మండలేదు. మెల్లగా గోడకానుకుంది.

"చెల్లెలికి చెప్పారే, ఆ మాట నాకు చెప్పండి. ఆ గొంతుతోనే చెప్పండి."

"ఇప్పుడెందుకవన్నీ..."

"ఏమిట్రా అక్కడ?" అత్తగారు గదిలోంచి కేకేసింది.

"ఏం లేదమ్మా" అన్నాడాయన, అలవాటుగా.

ఇన్నేళ్ళలో ఆమె ఆ బిడ్డ కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు. చంపుకున్నదానికి ఏడ్చే హక్కెక్కడిదనుకుంది. అందరూ ఏడ్చారు, అత్తగారు ఏడ్చింది, మొగుడు ఏడ్చాడు, వాళ్ళకు మంచినీళ్ళు అందించింది తనే.

"ఉందత్తయ్యా" అంది ఆమె, అక్కడే నేల మీద కూలబడి. అప్పటికే ఏడుపు వచ్చేసింది. "నాకు బిడ్డ పోయింది."