కమలమ్మ పాటల ఫైలు

చిన్నయ్య వచ్చేసరికి రూబీ ఒక శుభలేఖ ప్రూఫు దిద్దుతోంది. అతను డెబ్బై దాటిన మనిషి. తెల్లచొక్కా మీద ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

“రూబీగారంటే మీరేనా అమ్మా? నిజాంపట్నం నుంచి వస్తున్నా. రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణించి రైలు.”

“నేనేనండి. లోపలికి రండి బాబాయ్, కూర్చోండి.”

తెనాలి స్టేషనుకు దగ్గర్లో ఒక సందులో రూబీకి డీటీపీ సెంటరు ఉంది. ఇరవై నాలుగేళ్లుగా అదే గది. శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, దినకర్మ కార్డులు, ఎవరు ఏ మేటరు తెచ్చినా కంప్యూటర్లో కొట్టి, పేజీలు కట్టి, ప్రెస్సుకి పంపడం ఆమె పని.

చిన్నయ్య మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పాడు. అతను బోట్ల మీద పనిచేశాడు. భార్య కమలమ్మ చేపలు ఎండబెట్టేది. ఆమెకి చదువు రాదు. కానీ పాటలు కట్టేది. చర్చిలో ఆడవాళ్లంతా ఆమె పాటలే పాడేవాళ్లు. రెండువేల ఐదులో ఆమే స్వయంగా తెనాలి వచ్చి, ఒక్కో లైను చెబుతుంటే రూబీ కొట్టిందట. వంద కాపీలు వేయించారట.

రూబీ ఎంత గుర్తు చేసుకున్నా ఆమె ముఖం గుర్తుకు రాలేదు.

“పుస్తకం పేరేంటి బాబాయ్?”

“పేరు... అదే గుర్తు లేదమ్మా. నీలం అట్ట. ఇంట్లో ఉన్నదానికి చెదలు పట్టింది. మిగతావాళ్ల దగ్గరా లేదు. ఆవిడ పోయి పదకొండేళ్లు. మొదటి పాట ఇప్పటికీ మా చర్చిలో పాడతారు. రెండు చరణాలు పాడి ఆపేస్తారు. మూడోది ఎవరికీ రాదు.” గొంతు తగ్గించి అన్నాడు. “నాక్కూడా.”

“వచ్చినంత పాడండి.”

అతను గ్లాసు కింద పెట్టాడు. కళ్లు మూసుకుని, సన్నగా, కొంచెం వణికే గొంతుతో పల్లవి అందుకున్నాడు.

“వల వేసిన చేతులకు వేకువైనావు, తడిసిన నా కొంగుకు ఎండవైనావు...”

రూబీ ఆ రెండు లైన్లూ శుభలేఖ ప్రూఫు వెనకే రాసుకుంది. ఫోన్ నంబరు తీసుకుని, వెతుకుతానని చెప్పి పంపింది.

వెతకడం అనుకున్నంత సులువు కాలేదు. పాత సీడీల్లోవన్నీ ఆమె ఎప్పుడో ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించింది. మేటరు ఫైళ్లే పదకొండు వేలకు పైగా ఉన్నాయి. ఆ రోజుల్లో పేర్లు పెట్టే ఓపిక ఉండేది కాదు. కొత్తది, కొత్తది రెండు, పాటలు, పాటలు ఫైనల్, అర్జెంట్. ఇలాంటి పేర్లే వందలకొద్దీ. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కోటీ తెరిచి చూస్తూ పోయింది. పది రోజులకు నాలుగు వందలు కూడా దాటలేదు.

అలా ఒక్కోటీ తెరుస్తుండగా సౌజన్య చూసింది. సౌజన్య బాపట్లలో ఒక కాలేజీ లైబ్రేరియను. లైబ్రరీ కార్డుల ప్రూఫు కోసం వచ్చింది.

“ఏం వెతుకుతున్నారు మేడం, ఒక్కొక్కటీ తెరిచి?”

రూబీ సంగతి చెప్పింది. సౌజన్య స్టూలు దగ్గరకు జరుపుకుంది.

“మా లైబ్రరీలో ఒక సెర్చ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నామండి. ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో కూడా చూడొచ్చు. మన ఫైళ్లు ఎవరికీ పంపక్కర్లేదు, మన కంప్యూటర్లోనే నడుస్తుంది. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక ఉంటుంది చూడండి, అలాంటి పట్టిక మీ ఫైళ్లన్నిటికీ అదే కట్టిపెడుతుంది. ఒక్క మాట కొడితే చాలు.”

“మీరొచ్చి పెడతారా?”

“పెడతాను. కానీ పాడైనప్పుడల్లా నా కోసం చూడాలి. మీరే నేర్చుకోండి. ఆదివారం మా ఇంటికి రండి.”

నలభై ఏడేళ్ల వయసులో మళ్లీ పాఠాలేంటని రూబీకి మొదట బెరుకు కలిగింది. అయినా ఆదివారం ఆరాధన కాగానే పాసింజరెక్కి బాపట్ల వెళ్లింది. అలా ఐదు ఆదివారాలు వెళ్లింది. నల్లటి స్క్రీను మీద ఇంగ్లీషులో ఆజ్ఞలు కొట్టడం, సాఫ్ట్‌వేర్ దింపుకోవడం, సెట్టింగుల ఫైలు మార్చడం, అన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. తెలుగు మేటరు గంటకు పది పేజీలు కొట్టే చేయి ఆ ఆజ్ఞల దగ్గర తడబడేది. ఒక్క ఖాళీ తక్కువైతే పనిచేయదు, ఒక్క చుక్క ఎక్కువైతే పనిచేయదు. మూడో ఆదివారానికి సౌజన్య ఆమెను మేడం అనడం మానేసి అక్కా అంటోంది.

సొంతంగా షాపులో పెట్టుకున్న రోజు సాఫ్ట్‌వేర్ మొదలైంది. అరనిమిషంలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగిపోయింది. రూబీ బాపట్లకు ఫోన్ చేసింది.

“ఊరికే ఆగిపోతోంది సౌజన్యా. నాకు రాదు ఇది. వదిలేస్తాను.”

“లాగ్ చదివావా అక్కా? అది చేసిందంతా రాసిపెట్టుకునే ఫైలు.”

“ఆ పేజీలకొద్దీ ఇంగ్లీషా? భయమేసి మూసేశాను.”

“అది తిట్టడం లేదక్కా, ఏం జరిగిందో చెబుతోంది. మాది చీరాలలో మగ్గాల ఇల్లు. పోగు తెగితే మా నాన్న మగ్గాన్ని ఏమీ అనడు. ఆపి, వంగి, ఏ పోగో చూస్తాడు. నువ్వూ అంతే. కింద నుంచి పైకి చదువు. మొదట ఎక్కడ తప్పు అని ఉందో అక్కడ ఆగు.”

రూబీ కళ్లజోడు తుడుచుకుని చదివింది. కింది నుంచి తొమ్మిదో లైనులో దొరికింది. మెమరీ చాలడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అడిగేంత మెమరీ ఆమె పాత కంప్యూటర్లో లేదు. సెట్టింగుల ఫైలు తెరిచి, వాడుకునే మెమరీని సగానికి తగ్గించి, మళ్లీ మొదలుపెట్టింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆగలేదు. శుభలేఖ కోసం వచ్చిన ఆయన ఎదురుగా ఉన్నాడని కూడా చూసుకోకుండా “నిలబడింది!” అని గట్టిగా అనేసింది.

“ఏంటమ్మా నిలబడింది?” అన్నాడాయన కంగారుగా.

ఫైళ్లన్నీ పట్టికలోకి ఎక్కడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రూబీ చేతులు కడుక్కుని వచ్చి, వెతికే పెట్టెలో ‘కమలమ్మ’ అని కొట్టింది.

ఫలితాలు లేవు.

‘పాట’ అని కొట్టింది. లేవు. ‘తెనాలి’ అని కొట్టింది. పదకొండు వేల ఫైళ్లలో తెనాలి అనే మాటే లేదట. ఈసారి లాగ్‌లో కూడా ఏ తప్పూ లేదు. ఫోన్ చేస్తే సౌజన్యకు కూడా అంతు చిక్కలేదు. “మా లైబ్రరీలో తెలుగు బాగానే దొరుకుతోందక్కా. నీ ఫైళ్లలోనే ఏదో ఉంది. పట్టికలోకి ఏం వెళ్లిందో తెరిచి చూడు” అంది.

రూబీ తెరిచి చూసింది. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, చుక్కలు కలగలిసి ఉన్నాయి. ఒక నిమిషం అలాగే చూసి కుర్చీలో వెనక్కి వాలింది. ఇది ఆమెకు తెలిసిన సంగతే. పాత డీటీపీ ఫాంట్లలో కంటికి తెలుగు కనపడుతుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది, అంతే. ఫాంటు తీసేస్తే మిగిలేది ఈ గజిబిజి.

“అయితే ఏ గుర్తుకి ఏ అక్షరమో తెలిస్తే మార్చేయొచ్చు” అంది సౌజన్య ఫోన్లో, ఆ సంగతి విని. “కానీ అది ఎవరికి తెలుస్తుందక్కా?”

“నా వేళ్లకి తెలుసు” అంది రూబీ.

మర్నాటి నుంచి షాపులో పని తెరిపివ్వగానే నోటుబుక్కు తీసేది. తలకట్టు ఏ గుర్తు, దీర్ఘం ఏ గుర్తు, క కింద వత్తు ఏది, ర వత్తు ముందొస్తుందా వెనకొస్తుందా. కీబోర్డు మీద వేళ్లు ఆడించి చూసుకుని రాసేది. రెండు వందల అరవై వరసలు వచ్చాయి. ఆ పట్టికను పట్టుకుని సౌజన్య ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. మొదటిసారి నడిపితే తెనాలి కాస్తా ‘తనెలా’ అయింది. ఇద్దరూ ఫోన్లో నవ్వుకున్నారు. గుణింతాల వరస సరిచేశారు. ఐదోసారికి ఒక పాత శుభలేఖ మొత్తం, వధూవరుల పేర్లతో సహా, తప్పు లేకుండా స్క్రీను మీదికి వచ్చింది. ఆ పెళ్లికూతురి కొడుకు ఇప్పుడు ఇంటరు చదువుతున్నాడు. రూబీకి వాళ్ల ఇల్లు తెలుసు.

అన్నీ మార్చి, మళ్లీ పట్టిక కట్టించింది. ‘కమలమ్మ’ అని కొడితే శుభలేఖల్లో, దినకర్మ కార్డుల్లో ఉన్న కమలమ్మలంతా వందల్లో వచ్చారు. అందుకని ప్రూఫు వెనక రాసుకున్న లైను మొత్తం కొట్టింది. ‘వల వేసిన చేతులకు వేకువైనావు.’

దొరకలేదు.

ఆ ఫైలు అసలు లేదేమో, ఆ సీడీ పోయిందేమో. ఆ ముసలాయనకు ఏం చెప్పాలి? అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. కంప్యూటరు తప్పు కాకపోతే, తప్పు తనదే ఎందుకు కాకూడదు? లైను మొత్తం చెరిపేసి, ఒక్క మాట కొట్టింది. ‘కొంగుకు.’

మూడు ఫైళ్లు వచ్చాయి. రెండోదాని పేరు ‘అర్జెంట్ ఏడు’. తెరిచింది.

‘వల వేసిన చేతులకు వేకుమైనావు.’

రెండువేల ఐదులో తను కొట్టిన అచ్చుతప్పు. వంద కాపీల్లోనూ అలాగే పోయి ఉంటుంది. రూబీకి సిగ్గూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. కిందికి జరిపింది. మొత్తం ఆరు పాటలు. మొదటి పాటకు మూడో చరణం ఉంది. దాన్ని పైకి చదువుకుంది.

‘ఒడ్డున నిలిచిన కళ్లకు తెరచాపైనావు, ఆలస్యమైన అడుగులకు వాకిలైనావు.’

ఆరో పాట కింద ఇంకో రెండు లైన్లున్నాయి. అవి పాట కాదు. ఆ రోజుల్లో ఎక్కడ ఆపిందో గుర్తుండటానికి రూబీ మేటరు కిందే రాసుకునేది. ‘కమలమ్మగారు ఏడో పాట రేపు వచ్చి చెప్తానన్నారు. చివరి పేజీ వదలాలి.’

అది చదవగానే ఆ మనిషి గుర్తొచ్చింది. పొట్టిగా, ముదురాకుపచ్చ చీరలో, బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోని మనిషి. ఏడో పాట అనగానే తల పక్కకి తిప్పుకుని నవ్వింది. రేపు చెబుతానని వెళ్లింది. రాలేదు.

చిన్నయ్య మర్నాడే వచ్చాడు. రూబీ మూడో చరణం చదువుతుంటే అతను తలొంచుకుని విన్నాడు. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి తనే కలిసి పాడాడు.

“నేను వేట నుంచి ఆలస్యమైనప్పుడు కట్టింది” అన్నాడు. “అదే... వాకిలైనావు. ఎట్టా మర్చిపోయానో.”

రూబీ అచ్చుతప్పు సంగతి కూడా దాచకుండా చెప్పి, క్షమించమంది.

“ఏం లేదులే అమ్మా. ఆవిడకి చదువు రాదు, నేను చూసుకోలేదు. పాడేవాళ్లు సరిగ్గానే పాడారు.”

అప్పుడు ఆ చివరి రెండు లైన్లు చూపించింది. “ఏడో పాట ఒకటి ఉందంట బాబాయ్. రేపొస్తానని రాలేదు. మీకేమన్నా తెలుసా?”

చిన్నయ్య స్క్రీను వంక చూశాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“పుస్తకం చివర ఖాళీ పేజీ ఉండేది. అచ్చులో పొరపాటేమో అనుకున్నా. అయితే ఆవిడ దాన్ని కూడా చెబుదామనే వచ్చిందన్నమాట.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “అది నా మీద కట్టిందమ్మా. ఇంట్లోనే పాడేది, వంట చేసుకుంటా. దేవుడి పాటల పక్కన నీ పాటేంటి అని నేనే నవ్వాను ఒకసారి. సిగ్గుపడి ఉంటది.”

“గుర్తుందా మీకు?”

“అదెందుకు మర్చిపోతాను?”

రూబీ కొత్త పేజీ తెరిచింది. అతను గుమ్మం వైపు తిరిగి కూర్చుని, ఆమె మొహం చూడకుండా, ఒక్కో లైనూ చెప్పాడు.

“ఉప్పు చొక్కా ఉతికినా వాసన పోదు. ఆ వాసన లేని పూట ఇల్లు ఇల్లు కాదు...”

ఎనిమిది లైన్లు. ఈసారి ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల్లో కొట్టింది. అయ్యాక పైకి రెండుసార్లు చదివి వినిపించింది, ప్రతి మాటకీ అతను అవునని తలూపేదాకా ఆగింది.

“దేవుడి పాటలతో కలిపి వేయొచ్చంటావా అమ్మా?” అని అడిగాడు.

“ఆవిడ పేజీ వదలమన్నారు కదా బాబాయ్.”

వేకువను సరిచేసి, నీలం అట్టతో యాభై కాపీలు వేయించారు. చిన్నయ్య వాటిని సంచిలో పెట్టుకుని రేపల్లె రైలెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం రూబీ బాపట్లలో సౌజన్య ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. ముందు ఆడవాళ్ల పాట వినిపించింది, మూడో చరణం దాకా, ఎక్కడా ఆగకుండా. రూబీ స్పీకరు పెట్టింది. సౌజన్య చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. పాట అయ్యాక చిన్నయ్య గొంతు వచ్చింది.

“విన్నావా అమ్మా?”

“విన్నాను బాబాయ్. ఏడోది కూడా పాడారా?”

“అడిగారు. నేనే వద్దన్నా” అన్నాడు. నవ్వుతున్నట్టు తెలుస్తోంది. “అది పాడుకునేది కాదులే. కూడబలుక్కుంటా చదువుకుంటున్నా, రోజుకి ఒకసారి.”