ఒక్క అంచు జిగురు

మధ్యాహ్నం మూడయ్యేసరికి పంతులమ్మ రెండు వందల పన్నెండో పేజీని నాలుగు వందల మూడోసారి తెరిచింది.

పేరుకి పంతులమ్మే గాని, ఆమె ఇంకా ఎవరికీ పాఠం చెప్పలేదు. రోజూ పన్నెండింటి దాకా యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే రెండో ఏడు, ఆ తర్వాత బైండింగు షాపులో వాళ్లమ్మ పక్కన కూలి. ఆ పొడుగాటి రేకుబల్ల చుట్టూ కూర్చున్న ఏడుగురు ఆడవాళ్లలో గడగడా చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆ నేరానికి అందరూ కలిసి ఆ పేరు పెట్టారు.

పని చూడ్డానికి చిన్నదే. పుస్తకం తెరవాలి. అచ్చేసిన చీటీకి వెనకవైపు పైఅంచున బ్రష్షుతో మైదా జిగురు రాయాలి. పేజీ మధ్యలో ఉన్న పేరా మీద సరిగ్గా కూర్చోబెట్టి, చెక్కముక్కతో ఒక్కసారి రుద్ది, మూసి పక్కన పెట్టాలి. వంద చీటీలకి పాతిక. పుస్తకం వెల నాలుగు వందల యాభై. అంటే పద్దెనిమిది వందల చీటీలు అంటించిన మనిషి, తను అంటించిన పుస్తకాన్ని ఒకటి కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు ఇంతవరకు లేరు.

మూడువేల కాపీలు. రేపు పదింటికి ఆవిష్కరణ. పుస్తకం పేరు 'మానవ హక్కులు: చరిత్ర, బాధ్యత'. అట్ట మీద రెండు చేతులు గొలుసు తెంచుకుంటున్న బొమ్మ.

అర్జంటు పని ఉన్న రోజున ఓనరు గ్రిల్లుకి బయట నుంచి తాళం వేయిస్తాడు. పుస్తకాల భద్రత కోసం అంటాడు. దొడ్లోకి వెళ్లాలన్నా వాచ్‌మన్‌ని కేకేయాలి. టీలో పంచదార దగ్గర్నుంచి జిగురులో మైదా దాకా అన్నీ కొలిచి పోయించే ఆ మనిషికి, ఆడవాళ్లు వెనకాల పెట్టుకున్న పేరు అరచెంచా.

"పంతులమ్మా, ఏం తప్పు రాశారే ఆ పేజీలో? ఇంత తంటాలు పడి కప్పెడుతున్నారు," అంది బల్ల కొసన ఉన్న అవ్వ. ఆమె అక్కడ చేరి నలభై ఏళ్లయింది.

"అచ్చుతప్పు అవ్వా."

"అచ్చుతప్పుకి ఇంత దుప్పటా? నేను చూడని అచ్చుతప్పులా. వేలెడు ఉంటాయి. ఇది జానెడుంది."

"దాన్ని పని చేసుకోనీ అవ్వా," అంది అమ్మ, తలెత్తకుండానే.

పంతులమ్మ చెప్పింది అబద్ధం. దానికి కారణం ఆమెకీ తెలుసు, వాళ్లమ్మకీ తెలుసు. డిపార్టుమెంటులో రీసెర్చి సీటు ఒక్కటే ఉంది. ఇంటర్వ్యూ సోమవారం. ఆ సీటుకి నెలనెలా వచ్చే భత్యం అమ్మకి నాలుగు నెలల కూలి. అది వస్తే అమ్మ ఈ బల్ల దగ్గర నుంచి లేవొచ్చు. పురుగు పట్టకుండా జిగురులో కలిపే మైలుతుత్తం ఇరవై ఏళ్లుగా ఆమె వేళ్ల సందుల్ని తింటోంది. గోళ్ల మొదళ్లు పాచిరంగు తిరిగాయి. ఇంటర్వ్యూ బోర్డుకి పెద్ద, ఈ పుస్తకం రాసిన ప్రొఫెసరే.

ఆయన్ని క్లాసులో రుమాలు సార్ అంటారు. ఏటా ఒక్క పేరా దగ్గర ఆయన గొంతు గద్గదమవుతుంది. కళ్లజోడు తీసి, మడత నలగని రుమాలుతో కళ్లొత్తుకుని, అర నిమిషం కిటికీలోంచి చూసి, మళ్లీ మొదలెడతాడు. అర నిమిషమా, నలభై సెకండ్లా అని వెనక బెంచీల వాళ్లు పందేలు కాస్తారు. మొదటి ఏడు పంతులమ్మ నిజంగానే ఏడ్చింది. రెండో ఏడు, రుమాలు జేబులోంచి ఏ మాట దగ్గర బయల్దేరుతుందో ఆమెకి తెలిసిపోయింది.

ఆ పేరాయే ఇప్పుడు చీటీ కింద పోతోంది. పరాయి పాలనలో ఉప్పు మడుల్ని ఏలిన కంపెనీ మూడుసార్లు పేరు మార్చుకుని ఇంకా బతికే ఉంది. యూనివర్సిటీలో మానవ హక్కుల అధ్యయన భవనం కట్టిస్తానంది. ముందుగా పంపిన కాపీని కంపెనీ వాళ్లలో ఎవరో నిజంగా చదివి, ఆ పేరా ఉంటే భవనం లేదన్నారు. పుస్తకాలు పంచేవాళ్లు ఇలాంటి ప్రమాదం ఊహించరు.

క్లాసులో జాతిహననానికి మెట్లున్నాయని చెబుతారు. ముందు మనుషుల మీద ఒక ముద్ర వేస్తారు. తర్వాత వేరు చేస్తారు. ఆ తర్వాత చంపుతారు. చివరి మెట్టు నిరాకరణ: ఏమీ జరగలేదనడం, జరిగినా అంత కాదనడం. మొన్నటి పరీక్షలో ఆ ప్రశ్నకి పంతులమ్మకి పదిహేనుకి పద్నాలుగు వచ్చాయి. నిరాకరణ అంటే ఎక్కడో నున్నటి బల్లల దగ్గర పెద్దవాళ్లు చేసే పని అని రాసింది. దాన్ని మైదాపిండితో చేస్తారనీ, వందకి పాతిక ఇస్తారనీ రాయలేదు. తగ్గిన ఆ ఒక్క మార్కు అందుకేనేమో అనుకుంటూ ఆ పేజీని నాలుగు వందల నాలుగోసారి తెరిచింది.

మూడున్నరకి గ్రిల్లు తాళం చప్పుడైంది. ముందు అరచెంచా, వెనక రుమాలు సార్.

"తాళం వేయించారా, మంచి పని చేశారు. ఒక్క కాపీ కూడా ముందే బయటికి పోకూడదు," అన్నాడు సార్. వాచ్‌మన్ మళ్లీ తాళం వేశాడు.

ఆయన చూపు బల్ల చుట్టూ తిరిగి శిష్యురాలి దగ్గర ఆగింది. "అరె, నువ్విక్కడ పనిచేస్తావా? శ్రమ గౌరవం అంటే ఇదేనమ్మా. క్లాసులో నేను చెప్పేది ఇదే." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వుండటం నాకు కొండంత ధైర్యం. ప్రతి కాపీలో ఆ పేజీ ఒకసారి నువ్వే సరిచూడు. సోమవారం ఎలాగూ కలుస్తాం."

"సార్, ఆ పేరాలో చనిపోయిన కూలీల అంకె తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ముందు భవనం రానీ. ఆ ఉప్పు మనుషుల మీద ఎన్ని పరిశోధనలు చేయొచ్చో ఆలోచించు."

"ఏ పుస్తకం చూసి చేయాలి సార్?"

వినపడనట్టు ఉండటం ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లకి వచ్చే విద్య. ఆయన బల్ల మీది నుంచి ఒక కాపీ అందుకుని, పేజీ తిప్పి, చీటీ కిందకొసని గోటితో కదిపాడు. అది కిటికీ రెక్కలా లేచింది. కింద పేరా మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. చీటీ దింపాడు. మళ్లీ లేపాడు.

"ఇదేమిటండీ? లేస్తోంది."

"ఒక్క అంచు చాలు కదా సార్," అన్నాడు అరచెంచా. "నిండా అంటిస్తే జిగురు మూడింతలు. పైగా పచ్చి ఆరేదాకా ప్రతిదాంట్లో అడ్డుకాగితం పెట్టాలి. లేకపోతే ఎదుటి పేజీని కూడా పట్టేసుకుంటుంది. సవరణ చీటీలు ఎవరైనా ఇలాగే..."

"మూడువేల మంది ఎత్తి చూస్తారయ్యా. కప్పకపోయినా చూసేవాళ్లు కాదు, ఇప్పుడు కప్పారు కాబట్టి చూస్తారు." ఆయన రాసిన వాటన్నిటిలో ఇంత నిజమైన వాక్యం లేదు.

అరచెంచా బల్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, మళ్లీ మొదటి నుంచి. నిండా రాసి అంటించండి. పొద్దున ఎనిమిదికి లారీ వస్తుంది. ఇళ్లకి కబురు పంపిస్తాను."

"దీనికి కూలెంత?" అంది అవ్వ.

"సరిచేసేదానికి కూలేంటి? ఒక్క అంచు రాసింది మీరేగా."

"రాయమంది నువ్వేగా."

"రాత్రికి టీ ఇప్పిస్తాలే."

"దాంట్లో పంచదార ఉంటుందా బాబూ?" అంది అవ్వ. బల్ల చుట్టూ నవ్వులు కదిలాయి. బ్రష్షులు మాత్రం కదల్లేదు.

రుమాలు సార్ గడియారం చూసుకున్నాడు. "నువ్వు చెప్పమ్మా," అన్నాడు శిష్యురాలితో, "వీళ్లకి అర్థమయ్యేలా. ఇది మామూలు పుస్తకం కాదనీ, ఇలాంటి వాళ్ల హక్కుల కోసమేననీ. ఒక్క రాత్రి కష్టపడితే ఏమవుతుంది?"

అమ్మ మొదటిసారి తలెత్తింది. ఆ చూపు పంతులమ్మకి బాగా తెలుసు. వద్దు, నోరు మూసుకో, సోమవారం దాకా ఓర్చుకో. అద్దె అడగడానికి వచ్చిన మనిషి ఎదుట చూసే చూపు అది. ఇరవై ఏళ్ల ఓర్పు అందులో ఉంది. ఆ ఓర్పు మీద పంతులమ్మకి ఒక్కక్షణం అసహ్యం వేసింది. నాలుగు వందలకి పైగా చీటీలు అంటించిన తన వేళ్లు కనబడగానే ఆ అసహ్యం తన మీదికే మళ్లింది.

లేచి నిలబడింది. పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఈ పుస్తకం గురించి మీకు చెప్పమన్నారు సార్. చెబుతా." పేజీ తెరిచింది. చీటీ మీద ఉన్నది ముందు చదివింది. "'ఆ ఏడాది ఉప్పు మడుల్లో కొంత అలజడి చెలరేగి, విచారకరంగా కొంత ప్రాణనష్టం జరిగింది. అనంతరం కంపెనీ తాగునీటి వసతిని మెరుగుపరిచింది.' మీరు అంటిస్తున్నది ఇది. కింద ఉన్నది ఇదీ," అంటూ చీటీ ఎత్తింది.

"అమ్మాయ్," అన్నాడు సార్.

"'మనిషికి రోజుకి ఒక కడవ మంచినీళ్లు ఎక్కువ ఇమ్మని ఉప్పు మడుల కూలీలు పని ఆపారు. కంపెనీ గేటుకి బయట నుంచి తాళం వేయించింది.'"

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గ్రిల్లు వైపు చూశారు. బయట వాచ్‌మన్, తన వైపు ఎందుకు చూస్తున్నారో తెలీక, స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"'మూడో రోజు గోడ మీది నుంచి కాల్చారు. చనిపోయినవాళ్లు నూట ఎనభై ఆరుగురు. వాళ్లలో నలభై ఒక్కరు పన్నెండేళ్లలోపు పిల్లలు.'"

ఆ మాట దగ్గర అలవాటు కొద్దీ ఆయన చెయ్యి జేబులోకి పోయింది. రుమాలు సగం బయటికి వచ్చాక, ఎక్కడున్నాడో గుర్తొచ్చి, తిరిగి లోపలికి కుక్కుకున్నాడు.

"'శవాల్ని మడుల్లోనే పూడ్చారు. ఆ నెల ఉప్పు రవాణా ఒక్కరోజు కూడా ఆగలేదు.'"

పుస్తకం మూసింది. అరచెంచా నోరు తెరుచుకుని వింటున్నాడు. మూడువేల కాపీలు కుట్టించిన మనిషి అందులో ఏముందో వినడం అదే మొదలు.

"నీళ్ల కోసమా?" అంది అమ్మ.

"ఒక్క కడవ కోసం."

"పిల్లల్ని కూడా."

"ఆఁ."

అమ్మ తన ముందున్న చీటీల కట్టని చూసింది. తర్వాత జిగురు గిన్నె మీద మూత పెట్టింది. "నా వల్ల కాదు సార్," అంది.

అవ్వ తన బ్రష్షు మూత మీద అడ్డంగా పెట్టింది. "వందకి పాతిక ఇచ్చినా కాదు. ఆ సంగతి కూడా రాసుకోండి."

రుమాలు సార్ ముఖంలోంచి శ్రమ గౌరవం దిగిపోయింది. "మీ అమ్మాయికి సోమవారం ఇంటర్వ్యూ ఉంది, తెలుసా?" అన్నాడు అమ్మతో.

అమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపులో ఈసారి వద్దు అన్నది లేదు. ఎలా అన్నది మాత్రం ఉంది.

"వస్తాను సార్," అంది పంతులమ్మ. "ఈ పేజీ గురించే అడగండి."

అరచెంచా ఫోను మీద ఫోను చేశాడు. ఉన్నపళంగా రాత్రంతా కూర్చోవడానికి చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కడా దొరకలేదు. చివరికి రుమాలు సార్ మణికట్ల దగ్గర గుండీలు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇదేమంత బ్రహ్మవిద్య," అని పంతులమ్మ ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చున్నాడు. అరచెంచా గిన్నె మూత తీసి, పాపం, ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని, ఎన్ని చీటీలకి ఎంత జిగురో తలొంచుకుని లెక్కేసుకోసాగాడు.

సార్ బ్రష్షుని పెన్ను పట్టినట్టు పట్టుకున్నాడు. చీటీ నిండా జిగురు మెత్తాడు. అంచుల నుంచి కారింది. పేరా మీద వంకరగా వేసి, అరచేత్తో గట్టిగా అదిమాడు. ఎదుటి పేజీ అంచుకి కూడా కాస్త పూసుకుంది.

అడ్డుకాగితాల కట్ట అమ్మ మోచేతి పక్కనే ఉంది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి దాని మీదికి పోయింది. నోరు కూడా తెరిచింది. కూతురి ముఖం చూసింది. నోరు మూసుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

ఆయన పుస్తకం టప్పున మూసి, అట్ట మీద ఉన్న చేతుల బొమ్మని నిమిరి, పక్కన పెట్టాడు. "చూశారా, ఇక లేవదు," అన్నాడు.

"లేవదు సార్," అంది అవ్వ నిదానంగా. "దాంట్లో ఇక ఏదీ లేవదు."

ఆయన తృప్తిగా రెండోది అందుకున్నాడు.