తిమ్మప్ప కారుకు ఉబ్బసం

తిమ్మప్ప కారుకు ఉబ్బసం పట్టిందని రేషన్ షాపు కాడ ఎదురింటి బయ్యమ్మ విజయమ్మతో అన్నదట. విజయమ్మ ఆ మాటకు కాస్త దగ్గు కూడా చేర్చి తిమ్మప్ప భార్య మునిలక్ష్మి చెవిన వేసింది. సాయంత్రానికల్లా పుంగనూరులోని ఆ వీధి వీధంతా కారును పరామర్శించింది.

తిమ్మప్పకు బయ్యమ్మ నోటి మీద కన్నా కంటి మీద కోపం. బెంగళూరులో పాత ఫియట్ కొని బాడుగకు తిప్పడం మొదలుపెట్టిన రోజున "ఎంత ముద్దుగుండాదప్పా నీ కారు" అన్నది ఆమే. దిష్టి పోను నిమ్మకాయలు, మిరపకాయలు, అమావాస్యకు గుమ్మడికాయ, దేనికీ తక్కువ చేయలేదు. అయినా బండికి లాగుడు తగ్గుతూనే వచ్చింది. మొన్న కుప్పం దోవలో ఎత్తు ఎక్కలేక నిలబడిపోతే, పెండ్లికొడుకు బాసికంతోనే దిగి తోశాడు. ఆ తరువాత బాడుగకు పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కుప్పంలో ఒకాయన కొంటానన్నాడు. శుక్రవారం బండి తెచ్చిస్తానని తిమ్మప్ప మాటిచ్చేశాడు. ఇచ్చిందగ్గర నుంచి పూటకొకసారి బండిని తుడుస్తూనే ఉన్నాడు.

"అమ్మబొయ్యే ఆవునైనా ఒకతూరి డాక్టరుకు సూపిస్తాం గదయ్యా," అన్నది మునిలక్ష్మి.

మరునాడు ఇద్దరూ మదనపల్లెలో మెకానిక్ హనుమంతు షెడ్డుకు పోయారు. హనుమంతు ఇంజను హెడ్డు విప్పి, వంగి చూడమన్నాడు. పిస్టన్ల నెత్తిన, వాల్వుల మీద నల్లటి మసి అట్టలు కట్టి ఉంది. మునిలక్ష్మి గోటితో గీకింది.

"మా నీళ్లు కాసే అండా అడుగు దీనికన్నా మేలు."

"పొద్దున లేస్తానే బండికి ఏం జేస్తావన్నా?" అడిగాడు హనుమంతు.

తిమ్మప్ప రొమ్ము విరిచాడు. "చోకు లాగి స్టార్ట్ జేస్తా. అది ఉడుకెక్కేలోపల తానం జేసి, విబూది పెట్టుకోని, పూజ ముగించి వస్తా. ఆమీట బండికి హారతి."

"పూజ ఎంతసేపు?"

"దేవుని కాడ గడియారం సూస్తారా ఎవురైనా?"

"ఇనాయకుని కాడ మొదలుపెట్టి బోయకొండ గంగమ్మ దాకా అందురినీ పేరుపేరునా పలకరిస్తాడు," అన్నది మునిలక్ష్మి.

హనుమంతు నవ్వు ఆపుకోలేదు. "చోకు లాగి అట్ల నిలబెడితే పెట్రోలు ఎక్కువ పడి సరిగ్గా కాలదన్నా. పచ్చికట్టెలు పెట్టి పొయ్యి ఊదినట్టే. నువ్వు మంత్రం సదవతాంటే అది మసి మింగతాండాది. ఇంక మీట ముందు పూజ, ఆమీట స్టార్ట్. స్టార్ట్ జేస్తే కదలాల."

తిమ్మప్ప చొక్కా చేతులు పైకి మడిచాడు. పాత గుడ్డ తీసుకుని హనుమంతు పక్కన కూర్చున్నాడు. ఒకరు మసి గీకితే ఒకరు కిరసనాయిలుతో తుడిచారు. హనుమంతు వాల్వులు రుద్ది కూర్చోబెట్టి, కొత్త గాస్కెట్ వేసి హెడ్డు బిగించేసరికి పొద్దు వాలింది.

శుక్రవారం తిమ్మప్ప ముందు పూజ చేసుకుని, తరువాతే తాళం తిప్పాడు. కుప్పం దోవ పట్టారు. ఎత్తు కనబడగానే మునిలక్ష్మి అలవాటుగా చెప్పులు తొడుక్కుని తలుపు మీద చెయ్యి వేసింది. దిగే పని పడలేదు. తల్లి దగ్గరికి ఉరికే దూడలా బండి ఎత్తు ఎక్కేసింది. పైన బండి ఆపి, తిమ్మప్ప కాసేపు ఊరకే స్టీరింగును నిమిరాడు. ఆ తరువాత బండిని వచ్చిన దోవకే తిప్పాడు.

"కుప్పమాయనకు ఏం జెప్తావు?"

"ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ జేసి ఇయ్యనని జెప్తా. తిట్టినా పడతా," అన్నాడు. దోవలో ఇద్దరూ చెరో గోలీ సోడా తాగారు. ఆ సోడా అంత తియ్యగా ఎప్పుడూ లేదు.

ఇంటి ముందు బండి ఆగేసరికి బయ్యమ్మ తన గడపలో నిలబడి ఉంది.

"ఏం తిమ్మప్పా, బండి దగ్గడం మానేసిండాదే! పాపిష్టి కండ్లు, ఎవురివో ఏమో!"

తిమ్మప్ప ఏదో అనబోయాడు. మునిలక్ష్మి కారు దిగుతూనే అందుకుంది.

"కండ్లు ఎవురివీ కాదత్తా. మా ఆయన పూజే దానికి గొంతుకడ్డం పడింది."