అడ్డంగా పడున్న గొట్టం

గాలి అనేది అతని అసలు పేరు కాదు. ముప్పై ఏళ్ళుగా సైకిల్ షాపు ముందు కూచుని గాలి కొట్టీ కొట్టీ, అసలు పేరు ఎప్పుడో ఏ ట్యూబులోకో వెళ్ళిపోయింది. ఇప్పుడు కరెంటాఫీసు వాళ్ళు కూడా ఫోన్ చేసి "గాలిగారేనా అండీ?" అని మర్యాదగా అడుగుతారు.

ఆ రోజు పొద్దున్నే గాలి పంపు చంకలో పెట్టుకుని ఆసుపత్రి రోడ్డు మొదట్లో నిలబడ్డాడు. మూడ్రోజులుగా అన్నం సయించట్లేదు. నిద్ర సంగతి సరే సరి. ఎవరైనా పలకరిస్తే "నాలుగొందలు" అంటున్నాడు. బాగున్నావా అన్నా నాలుగొందలే, టైమెంతయిందన్నా నాలుగొందలే.

సంగతేంటంటే, ఆర్నెల్ల కిందట మున్సిపాలిటీ ఆఫీసు వాళ్ళు ఆ రోడ్డుకి ఓ పక్క పచ్చరంగు పూసి, నడుమెత్తు ప్లాస్టిక్ స్తంభాలు పాతి, సైకిళ్ళకని విడిగా దారి ఇచ్చారు. ఇచ్చేటప్పుడే, ఉంచాలో తీసెయ్యాలో చూసి చెప్తాం అన్నారు. ఆ చూసే రోజు ఇవాళ. ఏడింటి నుంచి పదింటి దాకా మెషీన్ లెక్కపెడుతుంది. నాలుగొందల సైకిళ్ళు వెళ్తే దారి ఉంటుంది. మూడొందల తొంభైతొమ్మిది వెళ్తే స్తంభాలు పీకేసి కార్లు నిలుపుకోడానికి ఇచ్చేస్తారు.

ఆ దారి గాలికి కాదు కావాల్సింది, వాళ్ళక్కకి. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. నాలుగేళ్ళ కిందట ఇదే రోడ్డు మీద, ఎవరో కారు కడుక్కుంటూ అడ్డంగా పడేసిన నీళ్ళ గొట్టం మీదికి సైకిలెక్కించింది. చక్రం జారింది. వెనకాల వ్యాను వస్తోంది. అప్పట్నుంచి మోకాల్లో ఇనప కడ్డీ. నడిస్తే పది అడుగులకి గోడ పట్టుకోవాలి. సైకిలెక్కితే మాత్రం ఏమీ జరగనట్టే తొక్కుతుంది. అది ఎలా అని అడిగితే డాక్టరు కూడా చేతులెత్తేశాడు. ఇంటి నుంచి లాండ్రీకి బస్సు లేదు. స్తంభాలుంటే అక్క పనిలోకి వెళ్తుంది. స్తంభాలు పోతే లారీల మధ్యలోకి వెళ్ళాలి, లేదా ఇంట్లో కూచుని గోడలు ఇస్త్రీ చేసుకోవాలి.

అక్క పడ్డ ఏడాదే సైకిల్ సంఘం పుట్టింది. మొత్తం పదకొండు మంది. అధ్యక్షుడు రిటైరైన లెక్కల మేష్టారు. గాలి పని ప్రతి ఆదివారం జనానికి సైకిల్ నేర్పడం. నాలుగేళ్ళలో నాలుగొందల పైన మందికి నేర్పాడు. ఒకాయనకి పదకొండు ఆదివారాలు పట్టింది. పన్నెండో ఆదివారం బ్రేకు ఎక్కడుందో కనిపెట్టి ఏడ్చేశాడు.

ఎవరొచ్చినా గాలి మొదటి పాఠం ఒకటే. "రోడ్డు మీద అడ్డంగా ఏది పడున్నా ఎక్కించకు. తాడైనా, గొట్టమైనా, మీ మావగారైనా సరే. తప్పించుకుని పో." దీన్ని వందసార్లు చెప్పించేవాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఇద్దరు ముగ్గురి పెళ్ళాలు నిజంగానే నిద్రలో చెప్తున్నారని వచ్చి ఫిర్యాదు చేశారు.

ఏడున్నరకల్లా సైకిళ్ళు వరద కట్టాయి. ఇంటింటికీ తిరిగి బతిమాలింది వృథా పోలేదు. మెషీనంటే కెమేరానే అయ్యుంటుందని మేష్టారు తేల్చేశారు కాబట్టి, అందరూ తల దువ్వుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వస్తున్నారు. గాలి దగ్గరే నేర్చుకున్న పళ్ళ డాక్టరైతే మరీను. గాలి కొట్టించుకుని ఒక్కొక్కరూ ముందుకెళ్తుంటే గాలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మేష్టారు పక్కనే నించుని నోటుబుక్కులో గీతలు గీస్తున్నారు.

తొమ్మిదింటికి మేష్టారు బుక్కు మూసి, "మూడొందల నలభై రెండురా గాలీ. ఇంకో గంటుంది. గట్టెక్కేశాం" అన్నారు. ఇద్దరూ కలిసి మెషీన్ని చూడ్డానికి బయల్దేరారు, పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళినట్టు.

మెషీన్ ఆసుపత్రి గోడ దగ్గరుంది. బూడిదరంగు డబ్బా ఒకటి స్తంభానికి గొలుసుతో కట్టుంది. పక్కన మడత కుర్చీలో ఇంజినీరమ్మ.

"ఎంతైంది మేడమ్?" అన్నాడు గాలి.

"పందొమ్మిది."

"పందొమ్మిది వందలా?"

"ఉత్త పందొమ్మిదేనండీ."

మేష్టారు బుక్కు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. గాలి మాత్రం డబ్బాలోంచి బయటికొచ్చినదాన్ని చూస్తున్నాడు. వేలు లావున నల్లటి రబ్బరు గొట్టం. పచ్చదారికి అడ్డంగా ఈ చివర్నుంచి ఆ చివరికి పరిచి మేకులు కొట్టారు.

"దీని మీద చక్రం ఎక్కితేనే లెక్క" అంది ఇంజినీరమ్మ. "ఎక్కడ పెడతామో ముందే చెప్పకూడదు. రూలు."

అప్పుడే పళ్ళ డాక్టరు రెండో రౌండు నవ్వుకుంటూ వచ్చాడు. గొట్టం చూశాడు. చెయ్యి చాపి సైగ చేశాడు, గాలి నేర్పినట్టే. వెనక్కి చూశాడు, గాలి నేర్పినట్టే. రెండు స్తంభాల సందులోంచి పెద్దరోడ్డు మీదికి దూరి, లారీ ఒకటి హారన్ కొడుతుంటే దాని ముందునుంచి వంపు తిరిగి, అవతలి సందులోంచి మళ్ళీ పచ్చదారిలోకొచ్చాడు.

"చూశారా గురువుగారూ!" అని అరిచి వెళ్ళిపోయాడు.

వెనకాల వచ్చినావిడ దిగి, సైకిల్ని చంటిపిల్లలా ఎత్తుకుని గొట్టం దాటించింది. ఆ వెనకాయనా అంతే. లెక్కలోకొచ్చిన పందొమ్మిది మందీ గాలి దగ్గర నేర్చుకోనివాళ్ళు.

గాలి గొట్టం పక్కన నించుని చేతులూపాడు. "ఎక్కించండి! దీని మీదికి ఎక్కించండి!"

"అబ్బో, పరీక్ష పెడుతున్నారా? మా దగ్గరా?" అంటూ ఇంకో ముగ్గురు తప్పించుకున్నారు. ఒకామె అయితే మెచ్చుకోలుగా వేలెత్తి బెదిరించి మరీ వెళ్ళింది. గాలి కాళ్ళు పట్టుకుంటానన్నాడు. గురువుగారు నటన కూడా బాగా చేస్తారే అనుకున్నారు.

చేసేదేం లేక సైకిలెక్కి తనే గొట్టం మీద అటూ ఇటూ తొక్కడం మొదలుపెట్టాడు. పద్నాలుగోసారికి ఇంజినీరమ్మ లేచింది.

"మీవి పద్నాలుగూ తీసేస్తున్నా. ఒకే మనిషి."

మేష్టారికి ఒళ్ళు మండింది. "తియ్యడానికి మీ కళ్ళు పనికొస్తాయి, కలపడానికి పనికిరావా? ఇంతసేపూ పక్కనించి వెళ్ళినవాళ్ళు మీక్కనపళ్ళా?"

"కనపడ్డారు మేష్టారూ. ప్రతి ఒక్కళ్ళూ కనపడ్డారు." ఆవిడ గొంతు తగ్గింది. "దొంగలెక్క తీసెయ్యమని రూల్లో ఉంది. గొట్టం ఎక్కనివాళ్ళని కలపమని లేదు. నా కళ్ళకి ఆ కాగితంలో గడి లేదు."

"రేపు ఇంకోసారి పెట్టండి మేడమ్" అన్నాడు గాలి. "అందరికీ చెప్పేస్తాను. ఇవాళే ఇంటింటికీ తిరుగుతాను."

"ఒక్కసారే పెడతారు. ఇవాళ పదింటితో ఫైలు మూసేస్తారు."

గాలి గొట్టం పక్కనే నేల మీద కూలబడ్డాడు. నాలుగేళ్ళు గొంతు చించుకుని నేర్పిన ఒకే ఒక్క పాఠం. ఇంత బాగా నేర్చుకుంటారని ఎవరనుకున్నారు? ఈ ఊళ్ళో పిల్లలు ఏ పాఠమూ ఇంత శ్రద్ధగా నేర్చుకోలేదు. ఒక్కడైనా సరిగ్గా వినకుండా ఉంటే బావుండేది.

తొమ్మిది నలభైకి అక్క వచ్చింది. పదింటికి డ్యూటీ. గొట్టాన్ని దూరం నుంచే చూసింది. బ్రేకు పట్టి, మంచి కాలు కింద పెట్టింది. మొహం ఇస్త్రీ దుప్పటిలా తెల్లబడింది.

"ఏంట్రా అది?"

"అదే మెషీనక్కా. దాని మీదికి ఎక్కిస్తేనే లెక్క."

"గొట్టం మీదికా?"

"ఊఁ."

"నన్ను?"

గాలి లేచి గొట్టం పక్కన నిలబడ్డాడు. అక్క గొట్టాన్ని చూసింది, పక్కన లారీల్ని చూసింది. వెనకాల నలుగురైదుగురు ఆగిపోయారు. అక్క సంగతి అందరికీ తెలుసు. ఆ మొదటి పాఠం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసు. ఒక్కరూ బెల్లు కొట్టలేదు.

"పడితే పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

"చిన్నప్పుడు కూడా ఇలాగే అన్నావు. కాలవలో తేలాను."

అక్క హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. తొక్కింది. ముందు చక్రం టప్, వెనక చక్రం టప్.

"ఇరవై" అంది ఇంజినీరమ్మ.

అప్పుడర్థమైంది వెనకవాళ్ళకి. ఒకరి వెనక ఒకరు ఎక్కించారు. కబురు పాకింది, వెళ్ళిపోయినవాళ్ళు కొందరు వెనక్కొచ్చారు. టప్ టప్, టప్ టప్. మేష్టారు ప్రతి టప్పుకీ గాల్లో గుద్దుతున్నారు. గాలి లోపల్లోపల వేడుకుంటున్నాడు, ఎవర్నో ఏమో. పది కొట్టేసరికి డబ్బాలో అంకె ఎనభై మూడు.

ఇంజినీరమ్మ మేకులు తనే పీకింది. గొట్టం చుట్టచుడుతూ గాలి వైపు చూడలేదు.

సోమవారం లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు స్తంభాల మరలు విప్పి లారీలో పడేస్తున్నారు. ఏం కోపం లేదు వాళ్ళకి, ఈల వేసుకుంటూ చేస్తున్నారు. అక్క ఆ వెనకే బయల్దేరింది. గాలి షాపు తలుపు తియ్యకుండా సైకిలేసుకుని వచ్చి, బళ్ళ వైపు చేరి, అక్కకి చెయ్యందేంత దూరంలో తొక్కుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

"నేనే స్తంభాన్ని."

"రేపో?"

"రేపూ నేనే."

"షాపు?"

"పదింటికి తీస్తా. అప్పటిదాకా పంచర్లు ఆగుతాయి. నేను చెప్పాన్లే వాటికి."

అక్క నవ్వబోయింది. ఇంతలో వ్యాను ఒకటి గాలి మోచెయ్యిని రాసుకుంటూ పోయింది. సైకిల్ ఊగింది, మళ్ళీ నిలబడింది. పచ్చరంగు మీద స్తంభాలు పీకిన చిల్లులు ఒకటొకటే చక్రాల కింద పోతున్నాయి.

"మరి నీ అవతల ఎవర్రా?" అంది.

వెనకాల ఇంకో బండి హారన్ కొడుతోంది. గాలి కొంచెం అక్క వైపుకి జరిగి, మళ్ళీ ఉన్నచోటికే వచ్చి తొక్కాడు.