సబ్బు ముక్క

"సబ్బు ముక్క పెట్టుకున్యావా, మ్మే?"

ఊరికి బయల్దేరితే మా ఆయప్ప, నా మొగుడు ఓబయ్య, అడిగే మాట ఇదొకటే. తిన్యావా అనడు, మోకాలినొప్పికి మాత్ర ఏసుకున్యావా అనడు. మా ఇంట్లో బట్టల సబ్బు సగం బట్టలకు, సగం కారుకు.

మాది పాత డీజిలు కారు. నా కొడుకు వెంకటరమణ బడికి పొయ్యే కాలంలో ఆయప్ప గొర్రెలమ్మి కొన్యాడు. పొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు, పులివెందలకు బాడిగలు తోలి మమ్మల్ని సాకినాడు, కాదనను. అయితే దానికొక జబ్బు. ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిలొచ్చే పైపుకు సన్న పగులు. ఆ సందులోనుంచి గాలి పీల్చుకుంటాది. గాలి దూరిందంటే డీజిలు అందదు. రెండు దగ్గులు దగ్గి నడి రోడ్డు మింద నిలబడిపోతాది. అప్పుడు బానెట్టు ఎత్తి, ఫిల్టరు మిందుండే మర రవ్వంత వదులు చేసి, పక్కనుండే చేతి పంపు కొట్టల్ల. ముందు నురగ వస్తాది. కొట్టంగ కొట్టంగ నురగ పోయి అచ్చమైన డీజిలొస్తాది, పంపు చేతికి గట్టిబడ్తాది. అప్పుడు మర బిగిచ్చి, పగులుకు తడి సబ్బు మెత్తితే మళ్లా కొంత దూరం పోతాది. సబ్బు ఎండి రాలినాంక మళ్లా మొదటికొస్తాది.

బాడిగలప్పుడు క్లీనరుండె, వాడు కొడ్తాండె. బాడిగలు మానుకోని క్లీనర్ని పంపిచ్చినాంక ఆ పంపు నాదయ్యింది. ఆయప్ప స్టీరింగు కాడనుంచి దిగడు, తాళంచెవి పట్టుకోని కూచుంటాడు. "నీది మేకల్ని పిండిన చెయ్యి మ్మే, నీకైతేనే లొంగుతాది" అంటాండె. ఎండలో చెమటలు కారతా కొడ్తాంటి. కొంగు నిండా డీజిలే. పెండ్లిండ్లల్లో బంతిలో నా పక్కన కూచున్నోళ్లు ముక్కు మూసుకుంటాండ్రి. అయినా గూడా లోపల ఒక గర్వం. ఇల్లు ఊడ్చినా, వండినా, ఆయప్ప అమ్మకు మంచంలోనే అన్నీ చేసినా, నా అవసరముందని ఆయప్ప నోటితో పిలిచేది ఆ రోడ్డు మిందనే కదా.

పోయినేడు కోడలు నందిని వచ్చె. మైదుకూరు పిల్ల, డిగ్రీ చదివింది. ఒకనాడు ఖాజీపేట కాడ కారు నిలబడిపాయ. నేను కొంగు దోపుకోని డోరు తీస్తాండా, ఆయప్ప ఎనక్కు తిరిగి, "నువ్వుండు మ్మే, నందినమ్మ కొడ్తాదిలే. రామ్మా, నేర్చుకో" అన్న్యాడు.

ఆ పిల్ల దిగి కొట్టె. కారు స్టార్టయ్యె. "శభాష్ తల్లీ!" అన్న్యాడు.

శభాషంట! నేను ఇన్నేండ్లు కొడ్తే ఆ నోట్లోనుంచి ఒక్క శభాషు రాలా. నేను 'మ్మే', ఆ పిల్ల 'తల్లి'. ఎనక సీట్లో టిఫిను క్యారేజీ ఒళ్లో పెట్టుకోని కూచుంటే కడుపులో ఎండుమిరపకాయలు ఏగినట్టాయ. అప్పట్నుంచి కారు నిలబడిన ప్రతిసారీ ఇదే మంట. "నీ చీర పాడైతాది, నేను కొడ్తాలే నందినీ" అంటాంటి. అది ప్రేమ కాదు, నా పంపు నాకు కావల్ల. ఆ పిల్లేమో, "పర్వాలేదత్తా" అని దిగిపోతాండె. దొంగది, మామను బుట్టలో ఏసుకుండాది అనుకుంటాంటి.

మొన్న ఆడబిడ్డ మనమరాలి పెండ్లని పులివెందలకు మేము ముగ్గురమే పోతాండాము. ముద్దనూరు దాటినాంక మిట్టమధ్యాన్నం కారు దగ్గి దగ్గి నిలబడిపాయ.

"నందినమ్మా, గాలి పట్టింది. దిగు తల్లీ" అన్న్యాడు ఆయప్ప, సీట్లోనుంచి కదలకుండా.

దిగింది. ఎంతసేపున్యా పంపు సప్పుడే గానీ "అయ్యింది మామా" అనే మాట రాలా. నా ప్రాణం ఎంత సల్లగయ్యిందో! సాతకాలేదు, ఇంగ నన్నే పిలుస్తాడు అనుకోని, పిలవక ముందే దిగితి. పోయి రెండు మాటలు అందామనే పోతి.

ఆ పిల్ల ఎడమచేత్తో కొడ్తాంది. కుడి అరచేతికి రుమాలు సుట్టుకోనుండాది. చెయ్యి పట్టుకోని ఇప్పి చూస్తి. బొబ్బ పగిలి, పెండ్లికని పెట్టుకున్న గోరింటాకు మింద డీజిలు నల్లగా పారుతాంది.

"అత్తా, ఒక మాట అడగనా?" అనింది మెల్లగా. "నీకు ఈ పంపు కొట్టేదంటే శానా ఇష్టమంట కదా. మామ చెప్పినాడు, మీ అత్తకు ఇదంటే పానం, నీకూ అట్లే అలవాటైతాది అని. నాకు ఆ ఇష్టం ఎప్పుడు పుడ్తాదత్తా?"

పంపు కాడనుంచి ఆ పిల్ల చెయ్యి తీపిస్తి.

ఎప్పుడో పొద్దుటూరులో మెకానిక్కు షాకీర్ చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చె. "పైపు మార్చుకో ఓబయ్యా, గాలి పట్టేదే ఉండదు" అన్న్యాడు. మా ఆయప్ప నవ్వి, "మార్చేదేముందిలే అప్పా, ఇంట్లో మనిషి ఉండ్లా?" అనె. ఎనక సీట్లో ఆ మాట ఇని నేనెంత మురిసిపోయినానో! నన్ను మెచ్చుకున్యాడనే అనుకుంటి ఇన్నాళ్లు. ఉత్త పుణ్యానికి కొట్టే చెయ్యి ఇంట్లో ఉంటే పైపు ఎవురు మారుస్తారు? నా చెయ్యి ముసిల్దయ్యింది, ఇంగో చెయ్యి దొరికింది. శభాష్ అంటే కొట్టే చెయ్యి. దీనికా నేను కుళ్లుకున్యా!

"ఏం ముచ్చట్లు ఆడ? కొట్టండి, ముహూర్తం దాటిపోతాది!" అని లోపల్నుంచి కేక.

నేను పోయి డ్రైవరు డోరు తీస్తి. "దిగప్పా. నువ్వు కొట్టు."

"నేనా? ఎప్పుడన్నా కొట్టినానా?"

"అందుకే. దిగు."

"నడి రోడ్డు మింద ఇదేం కత మ్మే? అది మీ పని కదా!"

"మా పని కాదప్పా, క్లీనరు పని. క్లీనరు లేడు."

నా మొగం చూసి దిగినాడు. నందినిని స్టీరింగు కాడ కూచోబెడ్తి. ఇప్పుడు గూడా కుళ్లు పుట్టలేదంటే అబద్ధమే. "వచ్చేటప్పుడు తాళంచెవి నేను తిప్పుతా, నువ్వు నాకు సూపియ్యల్ల" అని ముందే చెప్తి. ఆ పిల్ల నవ్వె.

ఆయప్ప కొడ్తాండాడు. "ఇంత నొప్పి పుడ్తాదేంది మ్మే?" అంటాండాడు. నేను సంచిలోనుంచి నీళ్ల బాటిలు తీస్తి, సబ్బు ముక్క తీస్తి. నందిని డోరులోనుంచి చేతులు బయటికి పెట్టె. బొబ్బకు తగలకుండా మెల్లగా వేలువేలూ రుద్దితి, తర్వాత నావి రుద్దుకుంటి. ఎన్నేండ్ల డీజిలో, నల్లటి నురగ రోడ్డు మింద పడ్తానే ఉండె.

కారు స్టార్టయ్యె. అప్పటికే మర బిగిచ్చిన ఆయప్ప రొప్పుతా పైపు కాడ వంగి చెయ్యి చాపె.

"సబ్బు ఇటీ మ్మే."

"అయిపాయప్పా" అంటి. "చేతులు కడుక్కున్యాము."